చేతితో కత్తి చేయడం, మిగిలిన చెక్కను వాడుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ చెప్పేదంతా వంటింటి కత్తి గురించే. ఇంటి పెరట్లోనో, అపార్ట్‌మెంట్ బాల్కనీలోనో, కొంచెం కమ్మరి సాయంతోనో చేసుకోగలిగినంత వరకే. గోడకు తగిలించుకునే కత్తుల జోలికి పోలేదు.

మొదటిసారి ఎలాంటి కత్తి చేయాలి?

చిన్న కూరగాయల కత్తి. అలుగు, అంటే పిడి బయట ఉండే కోసే భాగం, 9 నుంచి 11 సెంటీమీటర్లు, వెడల్పు రెండున్నర సెంటీమీటర్లు, పిడి ఓ 11 సెంటీమీటర్లు ఉంటే చాలు. వీడియోలు చూసి వచ్చేవాళ్ళకు సాధారణంగా పెద్ద వేటకత్తి మీద మనసు పోతుంది. అలుగు పొడుగయ్యేకొద్దీ కాల్చి చల్లార్చేటప్పుడు వంకర పోయే అవకాశం పెరుగుతుంది. పైగా చేశాక అది బీరువాలోకే వెళ్తుంది. కూరగాయల కత్తి అయితే రోజూ చేతిలో ఉంటుంది కాబట్టి దాని లోపం ఏమిటో మీకంటే ముందు వంట చేసేవాళ్ళే చెప్తారు.

ఉక్కు మీద గీత గీయడానికి ముందు అట్టముక్కతో అదే ఆకారం కత్తిరించి పట్టుకుని చూడండి. పలక మీద పెట్టి ఉల్లిపాయ కోస్తున్నట్టు ఆడించండి. వేళ్ళ కణుపులు పలకకు తగులుతుంటే అలుగు వెడల్పు పెంచాలి, లేదా పిడిని కాస్త పైకి లేపాలి.

కొలిమి లేకుండా కత్తి అవుతుందా?

అవుతుంది, మొదటి కత్తికి నేను చెప్పే దారి అదే. వెల్డింగ్ షాపుల్లో, లేత్ వర్క్‌షాపుల్లో ఇనుప కడ్డీలు కోసే పెద్ద హాక్సా మెషీన్ ఉంటుంది. దాని బ్లేడు అరిగిపోయాక పక్కన పడేస్తారు. అడిగితే ఊరికే ఇస్తారు, లేదంటే తుక్కు ధరకు ఇస్తారు. అది సాధారణంగా హైస్పీడ్ స్టీల్, అంటే వేడెక్కినా గట్టిదనం కోల్పోని ఉక్కు. ఫ్యాక్టరీలోనే గట్టిపరిచి ఉంటుంది కాబట్టి మళ్ళీ కాల్చే పని లేదు. గ్రైండర్‌తో ఆకారం తీసి, అంచు పలచన చేసి, పదును పెడితే కత్తి తయారు.

అయితే తెచ్చుకునే ముందు ఒక పరీక్ష చేయండి. పళ్ళకు ఎదురుగా ఉండే వీపు భాగం మీద ఆకురాయితో (ఫైల్‌తో) గట్టిగా రుద్దండి. ఆకురాయి జారిపోతే బ్లేడు మొత్తం గట్టిది. కరిచి గీత పడితే పళ్ళ వరస ఒక్కటే గట్టి ఉక్కు, మిగతాది స్ప్రింగు ఉక్కు. అలాంటిది మంచి పదును నిలపదు, వదిలేయండి.

ఇబ్బంది ఒక్కటే, ఈ బ్లేడుకు మామూలు డ్రిల్ బిట్టుతో రంధ్రం పడదు. కార్బైడ్ బిట్టు కావాలి. లేకపోతే బ్లేడు చివర మెషీన్‌కు బిగించే రంధ్రం ఎటూ ఉంటుంది, అదే పిడిలోకి వచ్చేలా గీసుకోండి. గ్రైండర్ పట్టేటప్పుడు రెండు మూడు సెకన్లకోసారి నీళ్ళలో ముంచండి. ఈ ఉక్కు వేడికి ఓర్చుకుంటుంది కానీ మీ వేళ్ళు ఓర్చుకోవు.

స్టీలు పళ్ళెం, ఇంటి కడ్డీ, పాత ఆకురాయి... ఏది పనికొస్తుంది?

కత్తి ఉక్కుకు కర్బనం ఉండాలి, దాదాపు అర శాతం నుంచి ఒక శాతం వరకు. స్లాబుకు వాడే కడ్డీలో అంత ఉండదు, ఎంత కాల్చి ముంచినా పదును నిలవదు. స్టీలు పళ్ళాలు, గ్లాసులు చేసే రేకు కూడా అంతే. తుప్పు పట్టదు, గట్టిపడదు. పాత ఆకురాయిలో కర్బనం బాగా ఉంటుంది కానీ ఉన్నదున్నట్టుగా వాడితే పెళుసు. పిడిబాకులా చేసి కింద పడేస్తే రెండు ముక్కలవుతుంది, కాబట్టి ముందు టెంపరింగ్ (తక్కువ వేడిలో ఉంచి పెళుసుతనం తగ్గించడం) చేయాల్సిందే. జీపు, లారీ కమాను పట్టీ (చక్రాల దగ్గర కుదుపు ఆపే స్ప్రింగు పట్టీ) మంచి సరుకు. పెద్ద బేరింగుల బయటి రింగు ఇంకా మంచిది, కానీ దాన్ని తిన్నగా సాగగొట్టడం కమ్మరికే సాధ్యం.

జింకు పూత ఉన్న ఏ ఇనుమునూ నిప్పులో పెట్టకండి. ఆ పొగ పీలిస్తే జ్వరం, ఒళ్ళు నొప్పులు వస్తాయి.

కమాను పట్టీ తీసుకుని కమ్మరి దగ్గరికి వెళ్తే ఏమని చెప్పాలి?

పల్లెల్లో కొడవళ్ళు, గొడ్డళ్ళు, పారలు చేసే కమ్మరులకు కమాను కొత్త కాదు. వాళ్ళకు కత్తి అంటే అరవీసెడు బరువున్న వేట కత్తి గుర్తొస్తుంది. అందుకని మీ అట్టముక్క తీసుకెళ్ళండి, మందం మాత్రం నోటితో కాకుండా చూపించి చెప్పండి. కమాను పట్టీ 6, 7 మిల్లీమీటర్లకు తక్కువ ఉండదు. లారీది ఇంకా మందం. కూరగాయల కత్తికి వీపు దగ్గర 2 మిల్లీమీటర్లు చాలు. అంటే సగానికి పైగా సాగగొట్టాలి. అది సమ్మెట పని, గ్రైండర్‌తో అరగదీయాలంటే డిస్కులకే డబ్బులైపోతాయి.

మందం దింపి, ఆకారానికి దగ్గరగా తెచ్చి ఇవ్వమనండి. చివర్లో ఎర్రగా కాల్చి బూడిదలో పూడ్చి, దానంతట అది చల్లారేదాకా వదిలేయమనండి. అప్పుడు ఉక్కు మెత్తబడి మీ డ్రిల్లుకు, ఆకురాయికి లొంగుతుంది. పాత పట్టీలో కంటికి కనబడని పగుళ్ళు ఉండొచ్చు. బోల్టు రంధ్రం చుట్టూ ఉన్న భాగం వాడకండి.

గట్టిపరచడం ఎలా? నీళ్ళలో ముంచాలా, నూనెలోనా?

కత్తికి ప్రాణం ఇక్కడే ఉంది. ఆకారం ఎంత అందంగా వచ్చినా ఈ దశ చెడితే అది కత్తి ఆకారంలో ఉన్న ఇనుప ముక్క.

కమానుకు నూనె. సన్నటి అలుగును నీళ్ళలో ముంచితే టప్పుమని చప్పుడొస్తుంది, ఆ చప్పుడు పగులుది. పల్లీ నూనెగానీ పొద్దుతిరుగుడు నూనెగానీ 2, 3 లీటర్లు పొడవాటి ఇనుప డబ్బాలో పోసి 50, 60 డిగ్రీల దాకా వేడిచేయండి. చల్లని నూనె చిక్కగా ఉండి వేడిని నెమ్మదిగా లాగుతుంది, గోరువెచ్చని నూనె త్వరగా లాగుతుంది. వినడానికి తిరకాసుగా ఉంటుంది కానీ నిజం. ఇంజిన్ ఆయిల్ వద్దు, దాని పొగ మంచిది కాదు, పైగా ఇది తిండి కోసే కత్తి.

ముంచే ముందు అంచు మందం ఒక మిల్లీమీటరు దాకా ఉంచండి. ముందే పదును పెట్టేస్తే ఆ పలచటి అంచు అలలు తిరుగుతుంది.

బొగ్గుల మంటలో అలుగు అంతా ఒకే రంగు వచ్చేలా కాల్చండి. మధ్యమధ్యలో తీసి అయస్కాంతం ఆనించండి. 770 డిగ్రీల దగ్గర ఇనుముకు అయస్కాంతం అంటుకోవడం మానేస్తుంది. కమాను ఉక్కుకు అది చాలదు, ఇంకాస్త కావాలి. కాబట్టి అంటుకోవడం మానేశాక రంగు ఒక మెట్టు పెరిగేదాకా ఉంచి, కొనవైపు నుంచి నిటారుగా నూనెలో దించండి. పైకీ కిందికీ ఆడించవచ్చు, పక్కలకు తిప్పితే వంకర పోతుంది. సాయంత్రం పూట నీడలో చేయండి, ఎండలో ఎరుపు రంగు తేడాలు కంటికి ఆనవు.

నూనె అంటుకోవడం మామూలే. డబ్బాకు సరిపోయే ఇనుప మూత చేతికి అందేంత దగ్గరలో ఉండాలి, నీళ్ళు మాత్రం పోయకూడదు. నైలాన్, పాలియెస్టర్ బట్టలతో ఈ పని పెట్టుకోకండి.

చల్లారాక ఆకురాయితో అంచు మీద రాస్తే గాజు మీద రాసినట్టు జారాలి. కరిస్తే వేడి సరిపోలేదన్నమాట, మళ్ళీ కాల్చవచ్చు.

టెంపరింగ్ తప్పనిసరా?

తప్పనిసరి. ముంచి తీసిన అలుగు గాజులాగే పెళుసు, కింద పడితే పగులుతుంది. అదే రోజు కేకుల ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర 2 గంటలు, చల్లారాక మళ్ళీ 2 గంటలు ఉంచండి. చిన్న ఓవెన్‌ల మీటరు చెప్పే వేడికి, లోపలి వేడికి తేడా ఉంటుంది. అందుకని అలుగును ఒకచోట తెల్లగా రుద్ది పెట్టండి. లేత గడ్డి రంగు వస్తే సరిగ్గా ఉంది. నీలం వచ్చిందంటే వేడి మించిపోయి అంచు మెత్తబడింది. నూనె మరకలు బాగా కడగకపోతే మూడు రోజులు ఇల్లంతా పకోడీల బండిలా వాసనేస్తుంది.

నీళ్ళ చారలుండే డమాస్కస్ కత్తి ఇంట్లో చేయొచ్చా?

ఇప్పుడు ఆ పేరుతో అమ్మేవాటిలో ఎక్కువ భాగం రెండు రకాల ఉక్కు పొరలను కాల్చి అతికించి, మడిచి కొట్టి, యాసిడ్‌లో ముంచి చారలు తెప్పించినవి. పాతకాలపు డమాస్కస్ కత్తులు వేరు. వాటికి వెళ్ళిన ఉక్కులో మన దగ్గరి నుంచి పోయింది కూడా ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ముడి ఇనుమును మట్టి మూసల్లో మూసి, కరిగించి, నెమ్మదిగా చల్లార్చి ఆ ఉక్కు ముద్దలు తీసేవారు. పర్షియా వర్తకులు వాటి కోసం అక్కడిదాకా వచ్చేవారు. ఆ చారలు పొరలు మడిచినందువల్ల కాదు, ఉక్కు గడ్డకట్టే తీరు వల్ల, ఆ తర్వాత తక్కువ వేడి మీద సాగగొట్టడం వల్ల వచ్చేవి. బాల్కనీలో అయ్యే పని కాదు. పొరల కత్తి అయినా మంచి కొలిమి, అనుభవం ఉన్నవాళ్ళకే.

పిడికి ఏ చెక్క మంచిది?

ఏ చెట్టయినా చేవ ఉన్న భాగం కావాలి. బెరడు కింద ఉండే తెల్లచెక్క తడి పీలుస్తుంది, పురుగు పడుతుంది.

నల్లతుమ్మ నా మొదటి ఎంపిక. బండి చక్రాలకు, నాగళ్ళకు ఊరికే వాడలేదు. గట్టిగా, బరువుగా ఉంటుంది, నూనె పట్టిస్తే ముదురు ఎరుపు తేలుతుంది. చింత చేవ కూడా అంతే గట్టి, ముదురు రంగు. మటన్ కొట్టే మొద్దు చింతదే ఎందుకవుతుందో ఒకసారి కోసి చూస్తే తెలుస్తుంది. కాకపోతే రంపం పళ్ళు తినేస్తుంది. టేకు తేలిగ్గా కోసుకోవచ్చు, తడికి తట్టుకుంటుంది, గుమ్మాలు చేసే వడ్రంగి దగ్గర ముక్కలు కుప్పలుగా ఉంటాయి. దానిలో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి జిగురు సరిగ్గా పట్టదు, అతికించే ముందు అసిటోన్‌తో తుడవాలి. వేప ఫరవాలేదు. ముదురు కొబ్బరి చుక్కలు చుక్కలుగా చాలా అందంగా ఉంటుంది కానీ పీచు లేస్తుంది. మామిడి మెత్తన. జామాయిల్ ఆరేకొద్దీ పగుళ్ళిస్తుంది.

పొనికి వద్దు. కొండపల్లి, నిర్మల్ బొమ్మలకు ఆ మెత్తదనమే వరం, పిడికి మాత్రం శాపం.

రోజ్‌వుడ్ పొడి కొందరికి దురద, తుమ్ములు తెప్పిస్తుంది. అసలు ఏ చెక్క పొడి అయినా ఊపిరితిత్తులకు మంచిది కాదు. గుడ్డ మాస్కు చాలదు, ఎన్95 పెట్టుకోండి.

ఈమధ్యే కొట్టిన చెట్టు కొమ్మ ఉంది. దాంతో చేయొచ్చా?

ఇప్పుడే వద్దు. పచ్చి చెక్క ఆరేటప్పుడు ముడుచుకుంటుంది, పిడి అలుగు నుంచి విడిపోతుంది. కావలసిన దానికంటే కొంచెం పెద్ద పలకలుగా కోసి, రెండు చివర్లకు పాత పెయింటుగానీ మైనంగానీ పూసి, గాలి తగిలే నీడలో పెట్టండి. అంగుళం మందానికి సుమారు ఏడాది పడుతుందని పాత లెక్క, పిడి ముక్కలకు అంత అక్కర్లేదు. వంటింటి త్రాసు మీద పదిహేను రోజులకోసారి తూచండి. బరువు తగ్గడం ఆగిందంటే ఆరినట్టే.

పిడి ఎలా బిగించాలి? ఫెవికాల్ సరిపోతుందా?

సరిపోదు. నీళ్ళు తగిలే చోట మామూలు తెల్ల జిగురు నిలవదు. రెండు ట్యూబుల ఆరాల్డైట్ లాంటి ఎపాక్సీ వాడండి, త్వరగా ఆరేది కాకుండా 24 గంటలు పట్టే రకం తీసుకోండి. అలుగు తోక (పిడి రెండు పలకల మధ్యకు వెళ్ళే భాగం) రెండు వైపులా గరుకు కాగితంతో గీతలు పడేలా రుద్ది, అసిటోన్‌తో తుడిచి, ఇక వేలితో ముట్టుకోకండి. వేలి జిడ్డు చాలు, జిగురు ఊడడానికి. 4 లేదా 5 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ ముక్కలు రెండు పిన్నులుగా వేయండి. క్లాంపు మరీ బిగిస్తే జిగురంతా బయటికి వచ్చేస్తుంది. అలుగు మొదట్లో బయటికి వచ్చిన జిగురును తడిగా ఉన్నప్పుడే తుడవాలి, ఆరాక అక్కడ గీకితే అలుగు మీద గీతలే మిగులుతాయి. పిడి ముందు అంచును మాత్రం అతికించక ముందే పూర్తిగా నునుపు చేసి పెట్టుకోండి.

ఆరాక 80 నంబరు కాగితంతో మొదలుపెట్టి 120, 220, 400 దాకా రండి. అలుగుకు గుడ్డ చుట్టి టేపు వేయడం మరవకండి. డ్రిల్లు, గ్రైండర్ దగ్గర గుడ్డ చేతి తొడుగులు వేసుకోవద్దు, తిరిగే బిట్టు వాటిని లాగేస్తుంది.

పిడికి వార్నిష్ వేయాలా?

వద్దు, తడి చేతిలో జారుతుంది, కొన్నాళ్ళకు పొరలూడుతుంది. అవిసె నూనె పలచగా పూసి, పావుగంటాగి తుడిచి, రెండు రోజులు ఆరనిచ్చి మళ్ళీ పూయండి. నాలుగైదు పూతలు చాలు. ఒక జాగ్రత్త. ఆ నూనె తుడిచిన గుడ్డలు ఉండ చుట్టి మూలన పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. విప్పి బయట ఆరేయండి, లేదా నీళ్ళలో వేయండి.

పదును ఎంత కోణంలో పెట్టాలి?

ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీలు. కాగితం మూలను మధ్యకు మడిస్తే 45, ఇంకోసారి మడిస్తే ఇరవై రెండున్నర, అంతకంటే కాస్త తక్కువ పెట్టండి. అంచుకు స్కెచ్ పెన్ను రంగు పూసి సానరాయి మీద రెండు సార్లు లాగితే రంగు ఎక్కడ పోయిందో చూసి కోణం సరిచూసుకోవచ్చు. అవతలి వైపు సన్నటి ముళ్ళలా తగిలేదాకా ఒక వైపు సానపట్టండి, తర్వాత రెండో వైపు. చివర్లో పాత తోలు బెల్టు మీద వెనక్కి లాగండి.

కత్తి నల్లబడింది. పాడైందా?

లేదు. కమాను ఉక్కు చింతపండు, మామిడికాయ, ఉల్లిపాయ తగిలితే బూడిద రంగు, నలుపు తిరుగుతుంది. అది ఉండటమే మంచిది, ఎర్ర తుప్పును కొంత ఆపుతుంది. ఎరుపు కనిపిస్తే గిన్నెలు తోమే పీచుతో రుద్దండి. కోసిన వెంటనే కడిగి తుడవాలి, సింకులో రాత్రంతా నానబెట్టకూడదు. ఇంట్లో అందరూ ఈ నియమం పాటిస్తారన్న నమ్మకం లేకపోతే హాక్సా బ్లేడు కత్తే చేసుకోండి, దానికి తుప్పు కాస్త నెమ్మదిగా పడుతుంది.

లైసెన్సు కావాలా?

వంటింటి కత్తికి అక్కర్లేదు. ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు అలుగున్న కత్తుల ప్రస్తావన ఉంది కానీ ఇంటి, వ్యవసాయ, పరిశ్రమ అవసరాలకు చేసినవాటిని అందులోంచి మినహాయించారు. ఊరెళ్ళేటప్పుడు విమానంలో చేతి సంచిలో మాత్రం పెట్టకండి.

పిడి పోగా మిగిలిన చెక్కతో ఏం చేయొచ్చు?

మొదట ఆ కత్తికే ఒర. రెండు పలచటి పలకలు తీసుకుని, ఒకదాంట్లో అలుగు మందం లోతున ఉలితో తొలిచి, రెండో దాన్ని మూతగా అతికిస్తే సరి. అడుగున చిన్న రంధ్రం వదలండి, తడి బయటికి పోతుంది. పిడి చెక్కే అయితే జతగా కనబడుతుంది.

ఆ తర్వాత మీ పనిముట్లు చూడండి. పిడి లేని ఆకురాయితో పని చేసేవాళ్ళే ఎక్కువ, దాని మొన అరచేతిలో దిగితే తెలుస్తుంది. ఓ జానెడు ముక్క ఆకురాయికి పిడి అవుతుంది. గొడ్డలి, సుత్తి వదులైతే కొట్టే చీలలకు తుమ్మ ముక్కలు బంగారం.

జానెడున్నర దాటి, నార తిన్నగా ఉంటే గరిటె, అట్లకాడ, పప్పు గుత్తి. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో చెక్క గరిటెలు, ఫోర్కులు చేయడం ఇప్పటికీ ఒక వృత్తి. వాటి పలచదనం చూశాక మనం చేసే గరిటెలు తెడ్లలా అనిపిస్తాయి. గరిటెలకు వేప, చింత, టేకు, మామిడి పనికొస్తాయి. గన్నేరు, జిల్లేడు కర్ర వంటకు అసలు వద్దు, విషం.

గుండ్రటి ముక్కలుంటే పిల్లలకు బొంగరం, బిళ్ళంగోడు. లేత్ మీద తిప్పి లక్క రంగులెక్కించే ఏటికొప్పాక పద్ధతికి అంకుడు కర్ర కావాలి, మన తుమ్మ దానికి లొంగదు. కానీ చాకుతో చెక్కిన బొంగరానికి గట్టి చెక్కే నయం, మేకు ఊడదు. అంతకంటే చిన్నవాటితో చొక్కా బొత్తాలు, సొరుగు పట్టుకునే గుబ్బలు, తలుపు ఆపే చీల చేసుకోవచ్చు. సెల్‌ఫోన్ స్టాండు అందరూ చేస్తారు, నాకైతే దానికి మంచి చెక్క పెట్టబుద్ధి కాదు.

రంపపు పొట్టు, చిత్రిక పేళ్ళు పారేయడమేనా?

చెక్కలో సందులు పూడ్చడానికి అదే చెక్క పొట్టును మించింది లేదు. కొండపల్లి కళాకారులు రంపపు పొట్టును చింతగింజల జిగురుతో కలిపి మక్కు చేస్తారు, బొమ్మ చేతులూ కాళ్ళూ దాంతోనే అతికిస్తారు, మలుస్తారు. మీరు పిడిలో గీత పూడ్చాలంటే మెత్తటి పొట్టు ఎపాక్సీలో కలిపి నింపండి, అందుకని ప్రతి చెక్క పొట్టూ ఒక చిన్న సీసాలో విడిగా దాచుకోండి.

మిగతాది పొట్టు పొయ్యికి. మధ్యలో సీసా నిలబెట్టి చుట్టూ పొట్టు దట్టించి, సీసా మెల్లగా తీసేస్తే ఆ రంధ్రమే పొగగొట్టం. గంటల తరబడి సన్నగా మండుతుంది, నీళ్ళు కాచుకోవడానికి బాగుంటుంది. కంపోస్టులో వేయాలంటే పచ్చి ఆకులు, పేడతో కలిపి కొంచెమే వేయండి. పొట్టు ఒక్కటే వేస్తే కుళ్ళేటప్పుడు నేలలోని నత్రజనిని లాగేసుకుని మొక్కలు పసుపు తిరుగుతాయి.

ప్లైవుడ్, ఎండీఎఫ్, పెయింటు వేసిన చెక్క పొట్టు వీటిలో దేనికీ పనికిరాదు. వాటిలో జిగుర్లు, రసాయనాలు ఉంటాయి. కాల్చకండి, గరిటెలు చేయకండి, మొక్కలకు వేయకండి.

ఎర్రచందనం ముక్క ఎవరో ఇస్తామంటున్నారు. పిడికి తీసుకోవచ్చా?

కాగితాలు లేకపోతే వద్దు, చిన్న ముక్కయినా సరే. రాయలసీమ, నెల్లూరు అడవుల్లో తప్ప పెద్దగా పెరగని చెట్టు అది, అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడం, తరలించడం నేరం. ఎర్ర రంగే కావాలంటే తుమ్మ చేవకు అవిసె నూనె పట్టించండి.

ముక్కలు ఎంత చిన్నవైతే దాచడం దండగ?

నా కొలత ఇది: బొటనవేలంత కూడా లేనిది, ఇంకో ముక్కతో రంగు కలవనిది పొయ్యిలోకే. చేవ ఉన్న పెద్ద ముక్కల మీద చెట్టు పేరు, కోసిన నెల పెన్సిల్‌తో రాయండి, ఆరు నెలల తర్వాత ఏది వేపో ఏది టేకో వాసన చూస్తే తప్ప తెలియదు. నేల మీద కాకుండా అటక మీదో ఇనుప స్టాండు మీదో పెట్టండి, చెద ముందు తెల్లచెక్కనే వెతుక్కుంటుంది కాబట్టి దాన్ని చెక్కేసి మరీ దాచండి. డబ్బా నిండితే వడ్రంగి దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్ళకు ఇవ్వండి, వాళ్ళకు చీలలు, గుబ్బలు చేసి చేయి తిప్పుకోవడానికి కావలసింది అలాంటి ముక్కలే.